నెల చక్రం

మా తమ్ముడి కుడిచెయ్యి దారికి రావడానికి నాకు ఇంకో ఇరవై రోజులు కావాలి. పాస్‌పోర్టులో వీసా గడువు మిగిలింది ఒక్క రోజు. ఆ ఒక్క రోజు చేతిలో ఉండగానే సరిహద్దు దాటి, అవతల ఓ టీ తాగి, మళ్ళీ లోపలికొస్తే కొత్త సీలు పడుతుంది, కొత్తగా ముప్పై రోజులు దొరుకుతాయి. ఇందులో దొంగతనమేమీ లేదు, రూలే అలా ఉంది. ముప్పై ఒక్క ఏళ్ళు తపాలా ఆఫీసు కౌంటరులో కూర్చున్నదాన్ని, రూలులో తలుపెక్కడుందో గోడెక్కడుందో నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? గడువు సెప్టెంబరు రెండు దాకా ఉన్నా ఒకటో తారీఖునే బయల్దేరాను. ఆఖరి రోజున రొప్పుకుంటూ కౌంటరు మీద పడేవాళ్ళను సర్వీసంతా చూశాను. నాకు ఆఖరి రోజంటేనే ఒళ్ళుమంట.

తమ్ముడు కటింగ్ మాస్టరు. కోట్లు కుట్టే పెద్ద షాపులో పంతొమ్మిదేళ్ళుగా ఒకే బల్ల దగ్గర నిలబడి గుడ్డ కత్తిరించాడు. జూన్‌లో ఒకరోజు పొద్దున్నే కత్తెరతో సహా ఆ బల్ల పక్కనే కూలిపోయాడు. పక్షవాతం. మాట, నడక తొందరగానే తిరిగొచ్చాయి గానీ కుడిచెయ్యి మొండికేసింది. షాపు యజమాని మంచివాడే. సెప్టెంబరు ఇరవై దాకా బల్ల ఖాళీగా ఉంచుతాననీ, ఆ రోజు వచ్చి తన ఎదురుగా ఒక్క చొక్కా కత్తిరిస్తే చాలనీ చెప్పాడు. కత్తిరించలేకపోతే బల్ల దగ్గరికి ఇంకొకడొస్తాడు. మావాడికి వేరే పని రాదు, నేర్చుకునే వయసూ దాటిపోయింది. మరదలు ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే చోట పనిచేస్తుంది. తెల్లారి వెళితే సాయంత్రానికి గానీ రాదు. వాణ్ణి రోజంతా పట్టుకుని పని చేయించేవాళ్ళు ఇంట్లో లేరు. అందుకే ఆగస్టు నాలుగున టూరిస్టు వీసా మీద నేను దిగాను.

ఫిజియోథెరపీ అమ్మాయి వాడికో రబ్బరు బంతి ఇచ్చి, రోజుకు వందసార్లు నొక్కమంది. వాడు నాలుగుసార్లు నొక్కి మంచం కిందకి దొర్లించేవాడు. "ఎంత నొక్కినా బంతి బంతిలాగే ఉంటుంది కదక్కా, నా చెయ్యి మారిందో లేదో ఎలా తెలుస్తుంది?" అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. ఆ సాయంత్రమే స్టేషనరీ కొట్టుకెళ్ళి తేదీ చక్రాలున్న రబ్బరు సీలు ఒకటి, ఇంకు ప్యాడు ఒకటి కొనుక్కొచ్చాను. తెల్ల కాగితం ముందు పెట్టి "కొట్టు" అన్నాను.

సీలు అబద్ధం చెప్పదు. గుండ్రంగా, నిండుగా పడితే మణికట్టు నిలబడినట్టు. ఎడమ అంచు పలచబడితే చిటికెనవేలి వైపు బలం చాలనట్టు. ముద్ర మీద ముద్ర పడి అలికినట్టుంటే ఎత్తేటప్పుడు చెయ్యి వణికినట్టు. మొదటి రోజు కాగితం నిండా అరచంద్రవంకలే. వాడు తల వంచుకుని కూర్చున్నాడు. "ఏడిస్తే ఇంకు చెదిరిపోతుంది, రేపు చూద్దాంలే" అన్నాను. నాకు ఓదార్చడం చేతకాదు. వాడికా సంగతి చిన్నప్పట్నుంచీ తెలుసు కాబట్టి ముక్కు తుడుచుకుని నవ్వాడు. నెలాఖరుకు చంద్రవంకలు ముప్పాతిక చంద్రుళ్ళయ్యాయి. సీలు పైనున్న చిన్న చక్రాలు తిప్పడం మాత్రం వాడి వల్ల కాలేదు. అవి శనగగింజంత ఉంటాయి. బొటనవేలూ చూపుడువేలూ గట్టిగా కలిస్తే గానీ తిరగవు. సుద్దముక్క పట్టడానికీ, గుడ్డ అంచు మడవడానికీ కావలసింది సరిగ్గా ఆ పట్టే. రోజూ పొద్దున్నే నేనే తేదీ తిప్పి వాడి ముందు పెట్టేదాన్ని.

ఒకటో తారీఖున నేను ఇల్లు కదిలేసరికి వాడింకా లేవలేదు. వ్యాను ఎక్కి సీట్లో కుదురుకున్నాక గుర్తొచ్చింది, తేదీ మార్చకుండానే వచ్చేశానని. అందులోనూ ఒకటో తారీఖు. రోజుతో పాటు నెల కూడా మార్చాలి. సర్వీసంతా పక్కవాళ్ళను సతాయించిన మనిషిని, నా ఇంట్లో నేనే మర్చిపోయాను. నన్ను నేనే తిట్టుకుంటూ కూర్చున్నాను.

వ్యానులో పదిమందిమి. అందరిదీ నా పనే. డ్రైవరు మన భాషవాడే. నోరు తెరిస్తే టైము తప్ప ఇంకో మాట రాదు కాబట్టి అతనికి గడియారం అని పేరు పెట్టుకున్నాను. నా పక్కన ఒక లెక్కల మాస్టారు. రిటైరయ్యి, కూతురింట్లో ఉండటానికి వచ్చారట. ఎక్కిన దగ్గర్నుంచీ వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుంటూనే ఉన్నారు. "ఈరోజుతో కలుపుకుంటే ముప్పయ్యో తారీఖు దాకానమ్మా. ఆ మర్నాడే నా ఫ్లైటు. ఒక్కరోజు ఎక్కువైందని విమానాశ్రయంలో గొడవేమో!" అన్నారు. ఇంకో ఇద్దరు భయం భయంగా నవ్వారు.

గడియారం అద్దంలోంచి చూస్తూ మాకు పాఠం చెప్పాడు. "ఎనిమిదికి అవతల ఉంటాం. తొమ్మిదింటికి ఎంట్రీ కౌంటరు తెరుస్తారు, మొదటి బండి మనదే. తొమ్మిదిన్నరకి బయటపడాలి. ఎవరేమడిగినా బీచి చూడ్డానికి వచ్చామనండి. అంతకన్నా ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడొద్దు. ముఖ్యంగా మీరు, అమ్మగారూ."

"నేనేం మాట్లాడాను నాయనా?" అన్నాను.

"ఇంకా ఏం మాట్లాడలేదు. ముఖం చూస్తే తెలుస్తోంది."

ఎనిమిదింటికి ఈవలి కౌంటరులో బయటికి వెళ్ళినట్టు సీలు పడింది. నడిచి అవతలికెళ్ళాం, అక్కడా రెండు సీళ్ళు కొట్టారు. చప్పటి టీ తాగాం. తొమ్మిదింటికి వెనక్కొచ్చి ఎంట్రీ కౌంటరు ముందు నిలబడ్డాం. అద్దం వెనకాల ముప్పై ఏళ్ళుంటాయేమో, పాపిడి శ్రద్ధగా తీసిన అధికారి. అప్పుడే తాళం తీసి, సీలూ ప్యాడూ బల్ల మీద పెట్టుకుని, ఇంకో చేత్తో కాఫీ కలుపుకుంటున్నాడు. చెత్త కాగితం మీద ఒక్కసారైనా కొట్టి చూసుకోకుండానే మొదటి పాస్‌పోర్టు అందుకున్నాడు. నాకు చెయ్యి దురద పెట్టింది. నా ఆఫీసు కాదు కదా అని ఊరుకున్నాను. పదిమందికీ పది నిమిషాల్లో టకటకా కొట్టేశాడు.

అందరూ పాస్‌పోర్టులు సంచుల్లో పెట్టుకుని వ్యాను వైపు నడిచారు. నేను నా పేజీ తెరిచాను. ముందు చూసింది ముద్ర ఎలా పడిందోనని. కుడివైపు పలచగా ఉంది, మనిషి తొందరలో ఉన్నాడు. తర్వాత తేదీ చూశాను. ఒకటి, ఆగస్టు.

రోజు చక్రం తిప్పాడు. నెల చక్రం తిప్పలేదు.

దాని కిందే ముప్పై రోజులు అని అచ్చు. ఆగస్టు ఒకటి నుంచి ముప్పై రోజులంటే ఆగస్టు ముప్పైతో సరి. అంటే నేను దేశంలో అడుగుపెట్టక ముందే రెండు రోజులు ఎక్కువున్నానన్నమాట. ఎవరైనా ఆపి పాస్‌పోర్టు చూపించమంటే, తమ్ముడి సంగతి దేవుడెరుగు, నన్ను అట్నుంచటే విమానం ఎక్కిస్తారు.

"మాస్టారూ, మీది తీయండి" అన్నాను. ఆయన తీశారు. అదే ఆగస్టు. లెక్కల మాస్టారి ముఖంలో నెత్తురుచుక్క లేదు. వేళ్ళ మీద రోజులన్నీ లెక్కపెట్టినాయన సీలు వంక చూడనేలేదు.

"ఏం పర్లేదు, కంప్యూటర్లో సరిగ్గానే ఎక్కి ఉంటుంది" అని గడియారం అడ్డం వచ్చాడు. "వెనక్కెళ్ళి కెలక్కండమ్మా. కెలికితే మొత్తం పుస్తకం తిరగేస్తారు. ఎందుకొచ్చారు, ఎన్నిసార్లొచ్చారు, ఎవరింట్లో ఉన్నారు... నిరుడు ఇలాగే ఏదో అడగబోయిన ఒకాయన్ని లోపలికి రానివ్వకుండా వెనక్కి పంపేశారు. ఎక్కండి, తొమ్మిదిన్నర!"

"కంప్యూటర్లో ఏముందో నేను జేబులో పెట్టుకు తిరగలేను. నా దగ్గరుండేది ఇదే."

"మీ ఒక్కరి కోసం పదిమందినీ ఇరికిస్తారా?"

మిగిలినవాళ్ళ చూపులన్నీ అతని వైపే ఉన్నాయి. అతను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. కౌంటరు దగ్గరికి వెళితే నన్ను అసలు రానివ్వకపోవచ్చు. వెళ్ళకపోతే వచ్చీ రానట్టే. నాకు భయం వేయలేదని చెబితే అది గొప్పలకు పోవడమే. కానీ తప్పు సీలు చేతిలో పెట్టుకుని ఇంటికెళ్ళి, తమ్ముడి ముందు కాగితం పెట్టి "సరిగ్గా కొట్టు" అని ఏ ముఖంతో అంటాను? వెనక్కి తిరిగి నడిచాను. పది అడుగులు వేశాక వెనకాల చెప్పుల చప్పుడు వినిపించింది. లెక్కల మాస్టారు.

అక్కడి మాటలన్నీ ఇంగ్లీషులో నడిచాయి. నాది కౌంటరు ఇంగ్లీషు. అధికారిదీ అదే. ఇద్దరికీ బాగానే అర్థమైంది.

"సార్, మీ సీలు ఒకసారి చూసుకోండి."

"మీ ఎంట్రీ అయిపోయింది. బయటికి వెళ్ళండి."

"అయింది. ఆగస్టులో అయింది."

"మా సీలులో తప్పుండదు. వెళ్ళండి, లైనుంది" అన్నాడు, తలెత్తకుండా.

నాకు అరవాలనిపించింది. అరవడం నాకు రాకేం కాదు, మా ఆఫీసులో నా గొంతు సార్టింగు గది దాకా వినిపించేది. కానీ ఆ మాట నేను ఇదివరకే విన్నాను. నా నోటి నుంచే విన్నాను.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. మా రోజుల్లో తేదీ అచ్చుముక్కల్ని పట్టకారుతో తీసి మార్చేవాళ్ళం. ఒకటో తారీఖు పొద్దున రోజు మార్చాను, నెల మర్చిపోయాను. పుస్తకంలో మొదటి సీలు కొట్టి చూసుకోవాలని రూలుంది. కొట్టాను, చూడలేదు. ఆ రోజు నలభై ఒక్క రిజిస్టరు కవర్ల మీద పాత నెలే పడింది. కొన్నాళ్ళకు ఒకావిడ కవరు పట్టుకుని కౌంటరు దగ్గరికి వచ్చింది. నర్సు ట్రైనింగుకు దరఖాస్తు. ప్రకటన పడక ముందే పంపారు కాబట్టి చెల్లదని తిప్పి పంపారట. "మేడం, మీ సీలు ఒకసారి చూడండి" అంది. "మా సీలులో తప్పుండదు, వెళ్ళండి, లైనుంది" అన్నాను. తలెత్తకుండానే. ఆవిడ వెళ్ళిపోయాక గానీ పుస్తకం తీసి చూడలేదు. అప్పటికి ఆవిడ బస్సెక్కేసింది, ఆ ఏడాది పోయింది. నాకు మెమో ఇచ్చారు. మెమో మర్చిపోయాను. ఆవిడ ముఖం మర్చిపోలేదు.

అందుకని గొంతు తగ్గించాను. అద్దానికి దగ్గరగా వంగి, వెనకాల లైనుకు వినిపించకుండా చెప్పాను. "నాయనా, నేనూ ముప్పై ఒక్క ఏళ్ళు సీలు కొట్టాను. ఒకసారి నేనూ ఇదే చేశాను. ఒక్కసారి చెత్త కాగితం మీద కొట్టి చూడు. తప్పు నాదైతే నోరు మూసుకుని వెళ్ళిపోతాను."

అతను నన్ను చూశాడు. కాఫీ కప్పు కింద పెట్టిన కాగితం లాగి, దాని మీద కొట్టాడు. చూశాడు. మెడ దగ్గర్నుంచి చెవుల దాకా ఎర్రబడ్డాడు. ఆ కాగితం పట్టుకుని లేచి లోపలికి వెళ్ళాడు.

లోపల్నుంచి పై ఆఫీసరమ్మ వచ్చింది. మెళ్ళో గొలుసుకు కళ్ళజోడు వేలాడుతోంది. కాగితం చూసింది, నా పాస్‌పోర్టు చూసింది, తర్వాత గడియారం చెప్పినట్టే మొత్తం పుస్తకం తిరగేసింది. ఒక్కో పేజీ తిప్పుతుంటే మాస్టారు నా వెనకాల ఊపిరి బిగబట్టడం వినిపించింది.

"ఆగస్టు నాలుగున వచ్చారు. ఈరోజు వెళ్ళి, ఈరోజే వస్తున్నారు. ఇంతగా ఏం చూస్తున్నారు మా దేశంలో?"

వాకిట్లో నిలబడ్డ గడియారం పెదాలు కదిపి బీచి, బీచి అంటున్నాడు.

"బీచి ఇంకా చూడలేదమ్మా. మా తమ్ముణ్ణి చూస్తున్నాను."

"ఏదైనా పని చేస్తున్నారా?"

"నేను చేయడం లేదు. వాడిచేత చేయిస్తున్నాను, జీతం లేకుండా." సంచిలోంచి కాగితాల కట్ట తీశాను. దార్లో కూర్చుని చూద్దామని పెట్టుకున్నవి. ఆగస్టు ఐదో తారీఖుది పైన, ముప్పై ఒకటో తారీఖుది కింద. వాటిని అద్దం కింది సందులోంచి లోపలికి తోశాను. "వాడి కుడిచెయ్యి పడిపోయింది. ఇవి వాడు కొట్టినవి. ఇరవయ్యో తారీఖున యజమాని ఎదురుగా చొక్కా కత్తిరించాలి. అప్పటిదాకా నేను పక్కనుండాలి."

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంది. సీళ్ళు చూడటం వచ్చిన మనిషి. ఒక్కో కాగితం వెలుతురుకెత్తి, అరచంద్రవంకల దగ్గర్నుంచి వరసగా చూసింది. మధ్యలో ఒకచోట ఆగింది. "ఇక్కడ వెనక్కి పడ్డాడు."

"ఆ వారం జ్వరమొచ్చింది."

"ఇరవయ్యో తారీఖుకు వస్తుందా చెయ్యి?"

"వస్తుంది."

"అంత గట్టిగా ఎలా చెబుతారు?"

"మీరు చూస్తున్నదే నేనూ రోజూ చూస్తున్నానమ్మా."

ఆవిడ కాగితాలు సర్ది, అంచులు సమంగా తట్టి, నాకిచ్చేసింది. పాస్‌పోర్టు ఆ కుర్ర అధికారి ముందు పెట్టింది. "ఇంకోసారి ఇలా వెళ్ళి రావడానికి ఒప్పుకోను. ముప్పై రోజులే. సరేనా?"

"నాకు ఇరవై చాలు" అన్నాను. పదిమందినీ పిలిపించింది.

అతను నెల చక్రం తిప్పి, చెత్త కాగితం మీద కొట్టి, ఈసారి నాకు చూపించాడు. తల ఊపాను. పాత ముద్ర మీద గీత కొట్టి పక్కన కొత్తది వేస్తుంటే "కొట్టేసిన చోట సంతకం ఉండాలి" అన్నాను. పెట్టాడు. పదింటి మీదా పెట్టాడు. నా పాస్‌పోర్టు చేతికిస్తూ "మీ ఆఫీసులో మిమ్మల్ని ఏం చేశారు?" అని మెల్లగా అడిగాడు.

"మెమో ఇచ్చారు. నీకు ఇవ్వరులే, మొదటి బండి దగ్గరే దొరికింది. రేపట్నుంచి కాఫీ తర్వాత కలుపుకో."

వ్యానులో అందరూ ఒక్కసారే మాట్లాడటం మొదలుపెట్టారు. మాస్టారు మళ్ళీ వేళ్ళ మీద లెక్కపెట్టి, ముప్పయ్యో తారీఖు దాకానని ప్రకటించారు. ఊళ్ళోకి వచ్చాక గడియారం "గంటన్నర ఆలస్యమైంది" అన్నాడు. వ్యాను తలుపు తీస్తూ "ఇకమీదట నేను కూడా చూసి బండెక్కిస్తానండి" అని గొణిగాడు.

నేను ఇంటికి చేరేసరికి సాయంత్రమైంది. మరదలు అప్పుడే వచ్చినట్టుంది, చెప్పులు విప్పుకుంటోంది. తమ్ముడు భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాడు. కొత్త కాగితం బోర్లించి, దాని మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"ఏమైందక్కా? రానిచ్చారా?"

"రానివ్వకపోతే నీ ఎదురుగా ఉన్నదెవర్రా?" అంటూ పాస్‌పోర్టు వాడి ముందు పడేసి, జరిగిందంతా చెప్పాను. వాడు పేజీ తెరిచి, గీత కొట్టిన ముద్రనూ కొత్త ముద్రనూ మార్చి మార్చి చూశాడు.

"కుడిపక్క తేలిపోయింది. ఎవడు కొట్టాడిది?"

"చెప్పానుగా, కాఫీ కలుపుకుంటున్నాడని."

"నెల తిప్పలేదా?" అన్నాడు. వాడి పెదాల మీద ఏదో నవ్వు ఆగి ఉంది. "రెండు చేతులూ బాగున్నవాడేనా?"

"శుభ్రంగా ఉన్నాయి. అదలా ఉంచు, నువ్వెన్ని కొట్టావు? వంద కొట్టమన్నాను." వాడి చెయ్యి కింది కాగితం లాక్కుని లెక్కపెట్టాను. అరవై ఒకటి. "ఒక్కరోజు నేను లేకపోతే ఇదన్నమాట. అరవై ఒకటే! ఎడమ అంచు ఇంకా పలచగానే ఉంది. మధ్యాహ్నమంతా ఏం చేశావు, నిద్రపోయావా?"

"పొద్దుట సగం దానికే పోయింది."

"దేనికి?"

వాడు గడ్డంతో కాగితం వైపు చూపించాడు. నేను ముద్రల అంచులే చూస్తున్నాను, అలవాటు. తర్వాత మధ్యలో ఉన్నది చదివాను. ఒకటి, సెప్టెంబరు.

మరదలి వైపు తిరిగాను. "నువ్వు మార్చి వెళ్ళావా?"

"నాకెక్కడ కుదురుతుంది వదినా, మీ వెనకాలే నేనూ వెళ్ళిపోయాను కదా" అంది తను. కాగితం వైపు చూసి అక్కడే నిలబడిపోయింది.

తమ్ముడు కుడిచెయ్యి ఎత్తి చూపించాడు. బొటనవేలి చివరా, చూపుడువేలి చివరా నల్లగా ఇంకు. రెండు వేళ్ళనూ మెల్లగా దగ్గరికి తెచ్చి కలిపాడు. వణుకుతూనే ఉన్నాయి. విడిపోలేదు.

"రోజు చక్రం తొందరగానే వచ్చిందక్కా. నెలకే ముప్పావుగంట పట్టింది. ఆగస్టు సీలే కొట్టేద్దామనుకున్నాను. నువ్వు వచ్చి చూస్తావుగా."

వాడి వేళ్ళు పట్టుకుని, ఇంకు తుడుస్తున్నట్టు చీర చెంగుతో రుద్దుతూ కూర్చున్నాను. ఇంకు అప్పటికే ఆరిపోయింది. చెంగుకు ఏమీ అంటలేదు. అయినా రుద్దుతూనే ఉన్నాను.

"మిగతా ముప్పై తొమ్మిదీ ఎవరు కొడతార్రా?" అన్నాను.

వాడు సీలు అందుకున్నాడు.